పునీతురాలు ఏ తెలుగు మాట్లాడాలి

డబ్బింగ్ నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే ఆడపిల్లలు ముందుగా అడిగేది ఒకటే. "మేడం, మీరు ఏ హీరోయిన్‌కి చెప్పారు?"

ఏ హీరోయిన్‌కీ చెప్పలేదు. హీరోయిన్ల తల్లులకు, అత్తలకు, పక్కింటి ఆవిడలకు, ఆపరేషన్ గది బయటికి వచ్చి "ఇంక అంతా దేవుడి దయ" అనే నర్సులకు చెప్పాను. హిందీ నుంచి వచ్చిన సీరియళ్ళలో ఏళ్ళ తరబడి ఏడ్చాను. ఒకసారి బస్సులో నా పక్కన కూర్చున్నావిడ ఫోన్‌లో ఒక సీరియల్ చూస్తోంది. అందులో కోడల్ని తిడుతున్నది నేనే. ఆవిడ ఆ అత్తగారిని చూసి పళ్ళు నూరి, నా వైపు తిరిగి, "కొంచెం జరగండమ్మా, కిటికీ తీస్తా" అంది. నేను జరిగాను.

ఇప్పుడు పని మానేశాను. గొంతు ఇంకా ఉంది కానీ గంటల తరబడి నిలబడే కాళ్ళు లేవు. ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు పనికొస్తుందని నాలుగు మాటలు రాయమని ఒకరిద్దరు అడిగారు. అవకాశాలు ఎలా వస్తాయి, యూనియన్ కార్డు ఎలా తెచ్చుకోవాలి అనేవి ఇందులో ఉండవు. అవి అడిగితే ఎవరైనా చెప్తారు. అడగకపోతే ఎవరూ చెప్పనివి కొన్ని నాకు తెలుసు. అవి రాస్తాను.

గది

కొత్తగా చేరేవాళ్ళు గొంతు గురించే ఆలోచిస్తారు. గోరువెచ్చని నీళ్ళు తాగాలా, పెరుగు మానాలా అని అడుగుతారు. తాగండి, మానండి. గాజులు తీసి పెట్టండి, కాగితం చప్పుడు కాకుండా పట్టుకోవడం నేర్చుకోండి. ఇవి వారంలో వచ్చేస్తాయి. అలవాటు పడడానికి ఏళ్ళు పట్టేది గదికి. చుట్టూ మెత్తటి గోడలు, ఎదురుగా తెర, చెవులకు హెడ్‌ఫోన్లు. తలుపు మూస్తే మీ ఊపిరి మీకు పరాయివాళ్ళ ఊపిరిలా వినిపిస్తుంది.

నేను చేరిన కొత్తలో గదిలో ఒంటరిగా ఉండేవాళ్ళం కాదు. ఒకే మైకు చుట్టూ అందరం నిలబడేవాళ్ళం. నా భర్తకు చెప్పే ఆయన నన్ను కొట్టే సీన్లో తన అరచేతి మీద తనే కొట్టుకునేవాడు. నేను "అబ్బా" అనేదాన్ని. సీను అయ్యాక ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. తర్వాత తర్వాత ఎవరి మాటలు వాళ్ళు విడిగా చెప్పి పోయే పద్ధతి వచ్చింది. పొద్దున నేను వచ్చి ఏడ్చి వెళ్తాను, సాయంత్రం ఎవరో వచ్చి నన్ను ఓదార్చి వెళ్తారు.

ఒక సీరియల్లో చాలా కాలం నాకు కొడుకుగా చెప్పిన అబ్బాయిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. ఒకనాడు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్ల కింద చాయ్ తాగుతుంటే వెనక నుంచి, "అన్నా, చక్కెర తక్కువ వెయ్యి" అని వినిపించింది. గొంతు గుర్తుపట్టాను. గడ్డం పెంచుకుని, హెల్మెట్ చేతికి తగిలించుకుని ఉన్నాడు. ముందు రోజే ఆ గొంతు నాతో "అమ్మా, నన్ను క్షమించమ్మా" అంది. పలకరిద్దామనుకున్నాను. ఏమని పలకరించాలో తెలియలేదు. అతను చాయ్ తాగి బండెక్కి వెళ్ళిపోయాడు.

ఈ పనిలో ఒంటరితనం ఉంటుంది. ముందే తెలుసుకుని రండి.

మూర్తి గారు

నాకు పని నేర్పింది మూర్తి గారు. కృష్ణా జిల్లా మనిషి. సీరియళ్ళ డబ్బింగ్ అంతా ఆయన చేతి మీదుగా నడిచేది. మొదటి రోజు నా గొంతు విని ఆయనన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "గొంతు బాగుందమ్మాయ్. నోరే బాగాలేదు."

మాది పోచంపల్లి దగ్గర మగ్గాల ఊరు. మా నాయన మగ్గం వదిలేసి గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో పనికి వచ్చాడు. నేను పెరిగింది ఆ లారీల మధ్యే. నా నోట "ఒస్తున్న", "పోతున్న", "ఏంది", "గట్లనా" తప్ప ఇంకోటి రాదు. మూర్తి గారు రోజూ పొద్దున నా చేత పేపర్ పైకి చదివించేవారు. నేను "ఒస్తున్న" అంటే గదికీ రికార్డు చేసేవాళ్ళకూ మధ్యనున్న అద్దం మీద అవతల నుంచి పెన్నుతో టక్ మని కొట్టేవారు. "వస్తున్నాను" అనేదాన్ని. తల ఊపేవారు. అలా కొన్ని నెలలకు నా నోరు మారింది. ఆ నోటితోనే నేను జీవితమంతా తిన్నాను. ఇప్పుడు రాస్తున్న ఈ తెలుగు కూడా ఆయన పెట్టిందే.

కానీ అదే మూర్తి గారు, పనిమనిషి పాత్రో కూరగాయలమ్మే పాత్రో వస్తే నన్నే పిలిచేవారు. "మీ యాసలో చెప్పమ్మా. కొంచెం దట్టించు. జనం నవ్వాలి" అనేవారు. నేను దట్టించేదాన్ని. అద్దం అవతల అందరూ నవ్వేవారు. నాకూ సంతోషంగానే ఉండేది, నవ్వించగలుగుతున్నాను కదా అని. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరం వస్తే పని ఇంకొకరికి ఇవ్వకుండా ఆపి ఉంచిన మనిషి. అయినా ఇప్పుడు ఒక మాట అనక తప్పదు. దొరసాని మాట్లాడితే ఒక తెలుగు, ఆమె అంట్లు తోమే మనిషి మాట్లాడితే ఇంకో తెలుగు అని నాకు నేర్పింది ఆయనే. నేను ఎదురు అడగకుండా నేర్చుకున్నాను.

సుగుణక్క

పెళ్ళయిన కొన్నాళ్ళకే మా ఆయన పోయాడు. పిల్లలు లేరు. మా అక్క సుగుణ కూడా అప్పటికే ఒంటరిదయింది. ఇద్దరం కలిసి మీర్‌పేట్‌లో ఒక చిన్న పోర్షన్ కిరాయికి తీసుకున్నాం. అక్క ఒక చీరల దుకాణంలో పని చేసేది. చీరలు విప్పి చూపించేవాళ్ళు వేరు, కొనకుండా లేచిపోయాక వాటిని మళ్ళీ మడత పెట్టేది మా అక్క.

సాయంత్రం ఇంటికొచ్చి నేను "అక్కా, కాస్త మంచినీళ్ళు ఇస్తావా" అన్నానంటే చాలు.

"ఏందే? గా సిన్మా భాష చెప్పుల కాడ ఇడిచి రా" అనేది. "ఇంట్ల గూడ ఎవలో పరాయిదొచ్చి కూసున్నట్టున్నది."

నేను బయటికి పోయి, ఉత్తుత్తిగా చెప్పులు దులిపి, మళ్ళీ లోపలికి వచ్చి, "అక్కా, జర నీళ్ళియ్యవే, దూపైతున్నది" అనేదాన్ని. అప్పుడు ఇచ్చేది.

అక్క చనిపోయిన ఏడాదంతా దవాఖాన చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. పోయాక చుట్టాలు వచ్చారు, వెళ్ళారు. ఇంటి ఓనర్లు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు, మంచివాళ్ళు. పైనుంచి దిగుతూ, "భోంచేశారా అండాలు గారూ?" అని అడుగుతారు. "చేశానండీ" అంటాను. పాలవాడు అడిగినా, కూరల బండి దగ్గరైనా నా నోటికి ఆ తెలుగే వచ్చేది. కొన్ని నెలలు అలా గడిచాక ఒకనాడు పొద్దున పొయ్యి మీద పాలు పొంగాయి. "అయ్యో, పొంగిపాయె!" అన్నాను పైకి. ఇంట్లో ఎవరో మాట్లాడినట్టనిపించి వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. అది నా గొంతే.

గొర్రెలు కాసిన పిల్ల

అప్పుడే రమేశ్ ఫోన్ చేశాడు. రమేశ్ సౌండ్ ఇంజనీరు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో అతని చిన్న స్టూడియో ఉంది. కింద క్లాసు వదిలినప్పుడల్లా మెట్ల చప్పుడు తగ్గేదాకా రికార్డింగ్ ఆపాలి. మిగతాదంతా బాగుంటుంది.

"మేడం, ఒక డాక్యుమెంటరీ ఉంది. కాథలిక్ పునీతురాలి జీవితం. ఆమె మాటలు చెప్పాలి" అన్నాడు.

"ఆమె వయసెంత?"

"చిన్న వయసులోనే పోయిందంట. కానీ సినిమా అంతా ఆమె మంచం పట్టాక మాట్లాడినట్టు ఉంటుంది. చిన్నపిల్లలతో చెప్పించి చూశాం. మరీ ఆరోగ్యంగా వినిపిస్తున్నారు."

నేను నవ్వాను. చాలా రోజుల తర్వాత నవ్వాను.

ఆ పునీతురాలి పేరు ఇక్కడ అవసరం లేదు. ఎన్నో తరాల కింద యూరప్ కొండల్లో గొర్రెలు కాసుకున్న పిల్ల. చదువు లేదు. ఎక్కడో దూరాన ఒక మఠంలో చేరింది. అక్కడ ఆమె ఎక్కువగా వంటింట్లోనే పని చేసింది. ఊపిరితిత్తులు చెడి, తల్లిని మళ్ళీ చూడకుండానే పోయింది. ఆమె మంచితనం ఆమె పోయాక గానీ చుట్టూ ఉన్నవాళ్ళకు అర్థం కాలేదు. సినిమాలో కొండలు, మఠం, నటులతో తీసిన కొన్ని దృశ్యాలు ఉన్నాయి. కథ చెప్పే మగగొంతు ఒకటి, మధ్య మధ్య ఆమె మాటలు. ఆ మాటలు నావి.

నేను మార్కండేయుడికి మొక్కే ఇంట్లో పుట్టినదాన్ని. పునీతులంటే ఏమీ తెలియదు. సినిమాను తెలుగులోకి తెస్తున్నది ఫాదర్ చిన్నపరెడ్డి. ఆయన్నే అడిగాను. "పునీతురాలంటే దేవతా ఫాదర్?"

"కాదండీ. మనలాంటి మనిషే. మన కోసం దేవుణ్ణి అడిగిపెడుతుందని మేం నమ్ముతాం" అన్నారు. నాకు ఆ మాట నచ్చింది. మనకోసం అడిగిపెట్టే మనిషి ఒకరు ఉండడం మంచిదే.

మాటలు సరిచూడడానికి సిస్టర్ ఫిలోమినా అని ఒకామె ఫాదర్‌తో పాటు వచ్చేది. నల్గొండ దిక్కు పల్లె నుంచి వచ్చిన మనిషి, నా వయసుదే. మొదటి రోజంతా రమేశ్ పక్కన కూర్చుని నేను చెప్పింది విన్నది. నేను మూర్తి గారి తెలుగులో, జబ్బు పడిన గొంతుతో, చక్కగా చెప్పాను. "కొండల మీద నా గొర్రెలు నా మాట వినేవి. ఇక్కడ నా మాట ఎవరూ వినరు." ఫాదర్‌కు చాలా నచ్చింది. సిస్టర్ మాత్రం చేతులు కట్టుకుని తెర వైపే చూస్తోంది.

"ఏం సిస్టర్, బాగాలేదా?" అన్నారు ఫాదర్.

"బాగున్నది ఫాదర్. కానీ గీ పిల్ల గిట్ల మాట్లాడదు."

"అంటే?"

"ఆమె మాట ఇని మఠంల అందరు నవ్వేటోళ్ళని కథ చెప్పేటాయన చెప్తుండు గద. కొండ మాట, మోటు మాట అని నవ్విండ్రట. మరి ఈమె చెప్పినదాంట్ల నవ్వేటిదేమున్నది? టీచరమ్మ చెప్పినట్టున్నది."

నేను హెడ్‌ఫోన్లలో అంతా వింటున్నాను.

"అయితే ఏమంటారు? పునీతురాలి నోట యాస పెట్టమంటారా?" అన్నారు ఫాదర్. "జనం నవ్వుతారు సిస్టర్. మొన్న క్రిస్మస్ నాటకంలో గొర్రెల కాపరులకు యాస పెట్టాం. మరియమ్మ వచ్చి నిలబడినా జనం నవ్వడం ఆపలేదు. బాలయేసును చేతిలో పట్టుకుని ఆ అమ్మాయి ఎంత ఇబ్బంది పడిందో మీరూ చూశారు."

"ఎవరు నవ్విండ్రు ఫాదర్? మా అమ్మ నవ్వలే. మా అమ్మకు గది యాస గాదు. మాట."

ఫాదర్ భయం నిజమైన భయమే, సిస్టర్ మాట నిజమైన మాటే. చివరికి రెండు రకాలుగానూ రికార్డు చేసి, సినిమాకు ఖర్చు పెడుతున్న కమిటీకి వినిపిద్దామన్నారు. "మీకు ఆ యాస వచ్చా అండాలు గారూ?" అని నన్నడిగారు.

"అది నా ఇంటి భాషే ఫాదర్" అన్నాను.

నాకు రాని నా భాష

మర్నాడు మైకు ముందు నిలబడి మొదటి వాక్యం చెప్పాను. అద్దం అవతల రమేశ్ కిసుక్కున నవ్వాడు. వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి నవ్వలేదు కానీ తల దించుకున్నాడు.

నాకే వినిపించింది. నా నోట్లోంచి వచ్చింది ఇంటి మాట కాదు. మూర్తి గారు దట్టించమన్న పనిమనిషి మాట. ప్రతి మాట చివరా ఒక సాగదీత, మెడ విరుపు. మైకు చూస్తే నా నోటికి ఆ భాష అలాగే వచ్చేది. ఇన్నేళ్ళుగా మైకు ముందు నేను ఆ భాషను నవ్వించడానికి తప్ప ఇంకోదానికి వాడలేదు.

సిస్టర్ ఫిలోమినా నా హెడ్‌ఫోన్లలోకి వినిపించే మైకు బటన్ నొక్కి మెల్లగా అంది. "అమ్మా, ఏమనుకోకు. గది సిన్మాల మాట. మీ ఇంట్ల గట్ల మాట్లాడుతరా?"

"లేదు సిస్టర్" అన్నాను. ముఖం మండిపోయింది. ఆ రోజు రికార్డింగ్ ఆపేశాం.

ఇంటికి వెళ్ళి తలుపు వేసుకుని పైకి చెప్పి చూశాను. వంటింట్లో నిలబడి చెప్పాను, మంచం మీద కూర్చుని చెప్పాను. గోడలతో మాట్లాడితే పాఠం అప్పజెప్పినట్టు వస్తోంది. కొన్ని మాటలకు అక్క ఎలా అనేదో గుర్తు రాలేదు. అది నన్ను బాగా భయపెట్టింది. ఫోటో చూస్తే ముఖం గుర్తొస్తుంది. మాటకు ఫోటో లేదు. ఇన్ని వేల గంటలు గొంతులు రికార్డు చేసే గదుల్లో గడిపినదాన్ని, మా అక్క గొంతును ఒక్కసారి కూడా రికార్డు చేయలేదు.

మర్నాడు గడ్డిఅన్నారం వెళ్ళాను, మాట విందామని. చిన్నప్పుడు అక్కడ పొద్దున్నే హమాలీల అరుపులు, వేలంపాటలు, ఒకర్నొకరు తిట్టుకోవడం, అన్నీ మా మాటలోనే ఉండేవి. మార్కెట్ అక్కడి నుంచి ఎప్పుడో వెళ్ళిపోయిందని నాకు తెలుసు. తెలిసే వెళ్ళాను. మా నాయన బత్తాయిల గంపలు దించిన చోటు ఎక్కడో పోల్చుకోలేకపోయాను. పక్కన చాయ్ కొట్టు దగ్గర కూర్చున్నాను. నలుగురు డ్రైవర్లు మాట్లాడుకుంటున్నారు. అచ్చంగా మా మాటే. "ఎటు పోయినవ్‌రా నిన్న? ఫోన్ చేస్తే ఎత్తవేంది?" నేను చెవులు రిక్కించి విన్నాను. హాయిగానే ఉంది. కానీ వాళ్ళు నాతో మాట్లాడడం లేదు. చాయ్ అతను మాత్రం నా వైపు తిరిగి, నా చీర, కళ్ళద్దాలు చూసి, "ఇంకేమైనా కావాలా మేడం?" అన్నాడు.

"వద్దండీ" అన్నాను.

బస్సెక్కాక అర్థమైంది. నా భాష నా నోట్లో లేదు. నాతో ఆ భాషలో మాట్లాడే మనిషి దగ్గర ఉంది. ఆ మనిషి లేకపోతే అది రాదు.

స్టూలు

స్టూడియోకు వెళ్ళి సిస్టర్‌ను అడిగాను. "మీరు నాతో పాటు గదిలోకి రండి. నా ఎదురుగా కూర్చోండి."

రమేశ్ ఒప్పుకోలేదు. గదిలో ఇద్దరుంటే బట్టల చప్పుడు, ఊపిరి చప్పుడు అన్నీ పడతాయన్నాడు. అతని మాట సరైనదే. మీరెవరైనా ఇలా అడిగితే నేనూ వద్దంటాను. కానీ ఆ రోజు బతిమాలాను. సిస్టర్ నడుముకున్న జపమాల తీసి బయట పెట్టి వచ్చింది. ఒక స్టూలు వేసుకుని నా మోకాళ్ళకు తగిలేంత దగ్గరగా కూర్చుంది. రమేశ్‌తో, నువ్వు మిషన్ నడుపుతూనే ఉండు, ఆపకు అన్నాను.

సిస్టర్ నా ముఖంలోకి చూసి అడిగింది. "తిన్నవా?"

"తిన్నానండీ" అన్నాను. అలవాటు.

"ఏం తిన్నవు?"

"పచ్చిపులుసు."

"ఒక్కదానివే చేసుకున్నవా?"

"ఒక్కదానికేం చేసుకుంట సిస్టర్. పొద్దుగాల చేసిందే ఉంటే గింత పోసుకున్న."

ఆ మాట అన్నాక నేనే ఆగిపోయాను. అద్దం అవతల రమేశ్ తలెత్తాడు. సిస్టర్ నన్ను ఆగనివ్వలేదు. "కొండల మీద ఉన్నప్పుడు ఎట్లుంటుండె?" అంది.

నేను కాగితం చూడలేదు. "మంచిగుంటుండె. గొర్రెలు నా మాట ఇంటుండె. ఈడ ఎవ్వరు ఇనరు."

"నవ్విండ్రట గద నిన్ను?"

"నవ్విండ్రు. ఆళ్ళు నవ్వితే నేను గూడ నవ్విన. అటెనుక మాట్లాడుడే తక్కువ చేసిన."

అలా ఒక్కో వాక్యానికీ ఆమె ఒక ప్రశ్న అడిగింది, నేను పునీతురాలి మాటలతో జవాబు చెప్పాను. మధ్యలో కింద క్లాసు వదిలింది. మెట్లన్నీ దడదడలాడాయి. మేం ఆగి, ఆ చప్పుడు తగ్గేదాకా మా ఊళ్ళ గురించి మాట్లాడుకున్నాం. వాళ్ళ అమ్మకు మాట పోయి మంచంలో ఉందని, చూడడానికి ఎప్పుడో గానీ వీలు పడదని సిస్టర్ చెప్పింది. నేను సుగుణక్క గురించి చెప్పాను. మా ఇద్దరికీ దగ్గరుండాల్సిన మనుషులు దగ్గర లేరు.

ఆఖరుకు పునీతురాలు పోయే దృశ్యం వచ్చింది. స్పృహ తప్పిన మత్తులో ఆమె తల్లిని పిలుస్తుంది. కాగితం మీద "అమ్మా, వచ్చి నా పక్కన కూర్చో" అని ఉంది. దీనికి సిస్టర్ ప్రశ్న అడగలేదు. స్టూలు మీద నుంచి లేచి, గది మూలకు పోయి, నాకు వీపు చూపించి నిలబడింది.

ఎదురుగా ఖాళీ స్టూలు. నా ముందు ఇంతసేపు ఉన్న మనిషి లేదు.

"అమ్మా... జర పక్కకొచ్చి కూసోవే" అన్నాను.

సిస్టర్ తిరిగి వచ్చి కూర్చుంది. నా చేతులు పట్టుకుంది. రమేశ్ మైకు బటన్ నొక్కి, "స్టూలు చప్పుడు పడింది మేడం, నేను తీసేస్తా. ఇంకో టేక్ వద్దు" అన్నాడు.

కమిటీ

కమిటీ వాళ్ళకు వినిపించినప్పుడు నేను లేను. ఫాదర్ చిన్నపరెడ్డి తనే స్టూడియోకు వచ్చి చెప్పారు. ఫోన్‌లో చెప్పి ఊరుకోవచ్చు, వచ్చారు. అందుకు ఆయనంటే నాకు గౌరవం.

"మొదటి వాక్యానికే ఒక పెద్దమనిషి నవ్వారండీ. మిగతావాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత ఎవరూ వినలేదు. పునీతురాలిని కించపరిచినట్టు ఉందన్నారు. నేను చెప్పి చూశాను."

"పర్లేదు ఫాదర్" అన్నాను.

మొదటి రోజు కొంతే అయింది కాబట్టి, మొత్తం మళ్ళీ మూర్తి గారి తెలుగులో చెప్పాను. బాగానే చెప్పాను. ఇది మీకు తప్పకుండా చెప్పాలి. మీరు ప్రాణం పెట్టి చేసినది పక్కన పెట్టేస్తారు. మర్నాడు అదే మైకు ముందు నిలబడి వాళ్ళు అడిగింది అంతే శ్రద్ధగా చేయాలి. చేయలేకపోతే ఈ పనికి రాకండి. చేశాక ఇంటికి పోయి ఏం చేసుకుంటారో మీ ఇష్టం.

ఆ రోజు సిస్టర్ ఫిలోమినా వస్తుందేమోనని గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా చూశాను. ఆమెకు వేరే జిల్లాలోని కాన్వెంట్‌కు బదిలీ అయిందని, రెండు రోజుల కిందే వెళ్ళిపోయిందని తర్వాత తెలిసింది. వాళ్ళకు అంతే, చెప్పగానే పెట్టె సర్దుకోవాలి. ఆమె నంబరు నేను తీసుకోలేదు. రోజూ కనిపించే మనిషి నంబరు ఎవరు తీసుకుంటారు?

సినిమాకు మాటలన్నీ అతికించాక ఒకరోజు ఫాదర్ మళ్ళీ స్టూడియోకు వచ్చారు, వెళ్ళేముందు తలుపు దగ్గర ఆగారు. "ఆఖరి వాక్యం మాత్రం పాతదే ఉంచాం అండాలు గారూ. మార్చి చూశాం, అతకలేదు. పోయేటప్పటి ఒక్క వాక్యమే కదా అని కమిటీ వాళ్ళూ ఏమీ అనలేదు."

నాకు సంతోషం కలగలేదు. ఒక మనిషి సినిమా అంతా ఒక భాష మాట్లాడి, చచ్చిపోయేటప్పుడు ఇంకో భాష మాట్లాడితే అది పనితనంలో తప్పు. ఆ మాటే ఆయనతో అన్నాను. ఆయన ఒప్పుకున్నారు. అయినా మార్చలేదు.

హాలు

సినిమాను మొదట ఎల్బీ నగర్ వైపు ఒక చర్చి హాల్లో వేశారు. ఆదివారం పూజ అయ్యాక, మధ్యాహ్నం. నన్నూ పిలిచారు. ప్లాస్టిక్ కుర్చీలు, తెల్లటి తెర, నాలుగు ఫ్యాన్లు. నేను వెనక వరసలో కూర్చున్నాను. నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

జనం శ్రద్ధగానే చూశారు. కొందరు ఫోన్లు చూసుకున్నారు, పిల్లలు అటూ ఇటూ తిరిగారు. నా గొంతు నాకు బాగానే వినిపించింది. శుభ్రంగా, స్పష్టంగా, టీచరమ్మలా. మఠంలో అందరూ ఆమె మాట విని నవ్వేవారని మగగొంతు చెప్పినప్పుడు, సిస్టర్ ఫిలోమినా ఈ హాల్లో ఉంటే ఏమనేదో అనుకున్నాను.

ఆఖరి దృశ్యం వచ్చింది. మంచం, కిటికీ, చలికాలపు వెలుతురు. సంగీతం కూడా ఆపేశారు.

"అమ్మా... జర పక్కకొచ్చి కూసోవే."

ముందు వరసల్లోంచి ఒక ముసలి గొంతు గట్టిగా పలికింది. "ఒస్తున్న బిడ్డా. ఒస్తున్న."

కుర్చీ జరిగిన చప్పుడు. ఒక ముసలామె లేచి నిలబడింది. ఎవరో నవ్వారు. పక్కనున్నావిడ ఆమె కొంగు పట్టి లాగి, "అమ్మా, గది సిన్మనే, కూసో" అంది. ముసలామె వెంటనే కూర్చోలేదు. తెర వైపు చూస్తూ నిలబడే ఉంది. నవ్విన వాళ్ళు కూడా ఊరుకున్నారు. ఆ తర్వాత మగగొంతు ఏదో చెప్పింది, పాట వచ్చింది, అయిపోయింది. నేను ఏదీ వినలేదు.

బయట గేటు దగ్గర ఆమె కనిపించింది. కూతురు షేర్ ఆటో కోసం రోడ్డు మీద చూస్తోంది. ముసలామె గోడకు ఆనుకుని ఉంది. కళ్ళు సరిగా కనిపించవని చూస్తేనే తెలుస్తోంది. దగ్గరికి వెళ్ళాను. ఏమని పలకరించాలో ఈసారి తెలుసు.

"అవ్వా, మంచిగున్నవా?"

"ఉన్న బిడ్డా. ఎవలు నువ్వు?"

"మాది పోచంపల్లి దిక్కు. లోపల నీ యెనక కూసున్న. ఎవలను పిలిచినవ్ అవ్వా, గంత గట్టిగ?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"నేనెవలను పిలువలే బిడ్డా. ఆ పిల్ల పిలిస్తె పలికిన" అంది. "ఇంతసేపు ఏందేందో పెద్ద పెద్ద మాటలు మాట్లాడింది. నాకు తెల్వలే. ఆఖరుకు నన్ను పిలిచింది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. కూతురు "అమ్మా, ఆటో ఒచ్చింది, దా" అని కేకేసింది. ఆమె నా చెయ్యి వదలకుండానే రెండడుగులు వేసి, "పోయొస్త బిడ్డా, నువ్వు గూడ జల్ది ఇంటికి పో. ఇంట్ల ఎదురు చూస్తుంటరు" అంది.

"పోత అవ్వా" అన్నాను.

ఆటో వెళ్ళిపోయింది. హాల్లోంచి జనం బయటికి వస్తున్నారు. నేను రోడ్డు దాటి మీర్‌పేట్ బస్సు కోసం నిలబడ్డాను.